నూనె మార్చారు, నా కళ్ళను తప్పుపట్టారు

నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఈ వయసులో సూదిలో దారం ఎక్కించాలంటే కాస్త తంటాలు పడతానుగానీ, నేను చెప్పబోయే సంగతి జరిగిన రోజుల్లో నా చూపుకు ఏ లోటూ లేదు. ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మొన్నామధ్య మా పాత ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. తనిఖీ పని నేర్చుకుంటోందట. మాటల మధ్యలో, "ఆంటీ, అప్పట్లో మీకు కళ్ళు సరిగ్గా కనపడక ఏదో గొడవైందట కదా" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. అక్కడ అలా చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లయినా ఇంకా అలాగే చెప్పుకుంటున్నారని వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పనిలోకి వస్తున్న మీలాంటి పిల్లలకైనా జరిగింది జరిగినట్టు తెలియాలి.

మా నాన్న ఒంగోలు వైపు నుంచి రైలు వ్యాగన్ల మరమ్మతు పనికి రాయపూర్ వచ్చి, ఆ పనివాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండిపోయాడు. నేను పుట్టింది, చదివింది, పెళ్ళి చేసుకుంది అంతా రాయపూర్‌లోనే. కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తిచేసి, తనిఖీ పనిలో శిక్షణ తీసుకుని, ధర్సీవా దగ్గర ఒక పోత కర్మాగారంలో చేరాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను ఆ పనిలో బాగా పాతదాన్ని.

మేము చేసేవి వాల్వులు. ఆవిరి, యాసిడ్ పారే గొట్టాలకు బిగిస్తారు. పోత పోసినప్పుడు లోహంలో వెంట్రుకవాసి పగులు ఉండిపోయినా, రేపు ఆవిరి ఒత్తిడికి అది నోరు తెరుస్తుంది. ఆ పగులు మామూలు కంటికి కనపడదు. మేం వాడేది అయస్కాంతం అంటని ఉక్కు కాబట్టి అయస్కాంతంతో చేసే పరీక్షా కుదరదు. అందుకని వాల్వు మీద మెరిసే రంగు కలిపిన నూనె పూసేవాళ్ళం. కాసేపు ఆగితే ఆ నూనె పగుళ్ళలోకి ఇంకుతుంది. పైన ఉన్నదంతా తుడిచేసి, తెల్లటి పొడి చల్లి, చీకటిగదిలో బ్లాక్‌లైట్ అనే అతినీలలోహిత దీపం వేస్తే, పగులు ఎక్కడుందో అక్కడ లేత అరిటాకు రంగులో ఒక గీత వెలుగుతుంది. ఒక్కోసారి ఎంత అందంగా ఉండేదంటే, ఈ వాల్వును పారేయాలి కదా అని బాధ వేసేది.

ఆ చీకటిగదిలో నాతోపాటు ఒకావిడ ఉండేది. ఊరు పక్కనే, ఛత్తీస్‌గఢీ మనిషి. వాల్వులు కడగడం, నూనె పూయడం ఆవిడ పని. చూసి సంతకం పెట్టడం నా పని. నాకంటే పెద్దదే అయినా నన్ను దీదీ అనేది, నేనూ ఆవిడను దీదీ అనేదాన్ని. ఇద్దరు దీదీల గది అని ఫ్యాక్టరీలో వేళాకోళం చేసేవాళ్ళు.

ఒక వేసవిలో క్వాలిటీ మేనేజర్ కొత్త డ్రమ్ములు దింపించాడు. ఇన్నాళ్ళూ తయారుగా వచ్చే నూనె బదులు, అదే రంగు పొడిని విడిగా కొని, మరో ద్రవంలో మన ల్యాబులోనే కలిపించానన్నాడు. కారు రేడియేటర్లో పోసే కూలెంట్ ఉంటుందే, అలాంటి ద్రవం.

"మేడమ్‌జీ, దీనికి వాసన లేదు, మంట భయం లేదు, నీళ్ళతో కడిగితే పోతుంది. రంగు మాత్రం అదే, పాళ్ళూ అవే" అన్నాడు.

అబద్ధమేమీ చెప్పలేదు. పాత నూనె వాసనకు సాయంత్రానికి నాకు తలనొప్పి వచ్చేది, అది పోయింది. దీదీ చేతులకు దురద పోయింది. ట్యూబులైటు కింద పెట్టి చూస్తే పాతదీ కొత్తదీ ఒకే పసుపు. మేమిద్దరం సంతోషించాం కూడా.

ఆ తరువాత చిత్రం మొదలైంది. పగిలిన వాల్వులు కనపడటం తగ్గిపోయింది. నెలవారీ మీటింగులో మేనేజర్ లేచి, పోత విభాగం వాళ్ళ పనితనం ఎంత పెరిగిందో చెప్పి, అందరికీ పేడాలు పంచాడు. పోత విభాగం వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాపం, వాళ్ళు కొత్తగా చేసిందేమీ లేదు. అదే ఇసుక, అదే కొలిమి, అదే మనుషులు. పేడా ఇస్తే ఎవరు వద్దంటారు? తిన్నారు.

నాకు మింగుడు పడలేదు. గదిలో దొరికే గీతలు కూడా మునుపటిలా లేవు. అరిటాకు పచ్చ పోయి, మట్టికొట్టుకుపోయిన నారింజ రంగులో, మసగ్గా, ఉందా లేదా అన్నట్టుండేవి. పగులుందని ముందే తెలిసిన ముక్క ఒకటి మా దగ్గర ఉంటుంది, పద్ధతి సరిగ్గా పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి. దానికి కొత్త ద్రవం పూసి చూశాను. గీత సగం కనపడి సగం మాయమైంది. మేనేజర్‌ని పిలిచాను.

ఆయన వచ్చాడు, చూశాడు. ఏం చూశాడో ఆ దేవుడికే తెలియాలి. ఆయనవి ఎండకు నల్లబడే కళ్ళద్దాలు. బ్లాక్‌లైట్ కింద కూడా నల్లబడతాయి. అవి పెట్టుకుని ఈ గదిలోకి రాకూడదని ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకునేవాడు. ఆ నల్లద్దాలలోంచి ముక్కను అటూ ఇటూ తిప్పి, "ముక్క పాతదైపోయింది, పగుల్లో మురికి చేరి ఉంటుంది" అన్నాడు.

"సార్, ముక్క పాతదే. కానీ కొత్త వాల్వుల మీద కూడా ఇలాగే మసగ్గా ఉంది."

"మేడమ్‌జీ, మీ వయసెంత?"

నాకు ముందు అర్థం కాలేదు. నేను అర్థం చేసుకునేలోపే పక్కనుంచి దీదీ అందుకుంది: "సాహెబ్, మోలా ఘలో నై దిఖత్ హే." నాకూ కనపడటం లేదయ్యా అని. మేనేజర్ ఆవిడ వైపు తిరగనైనా తిరగలేదు. "ఆమె సంతకం పెట్టదు కదా" అన్నాడు నాతో. సంతకం పెట్టని కళ్ళు కళ్ళే కావన్నమాట!

మర్నాడే నన్ను శంకర్ నగర్‌లో ఒక కంటి డాక్టరు దగ్గరకు పంపారు. నాతోపాటు పర్సనెల్ విభాగం మనిషిని కూడా పంపారు, నేను డాక్టరును మంచి చేసుకుంటానేమోనని. అక్షరాలు చదివించారు, రంగు చుక్కలు చూపించారు, మందు వేసి కూర్చోబెట్టారు, చీకట్లో చూపు కూడా పరీక్షించారు. అంతా అయ్యాక డాక్టరు అడిగాడు, "మీకు కనపడటం లేదని ఎవరు చెప్పారమ్మా?"

"మా మేనేజర్‌గారు."

"ఆయన్ని ఒకసారి పంపించండి" అన్నాడు.

నవ్వాను. నవ్వుతూనే బయటికొచ్చి, మందుకు మసకబారిన కళ్ళతో రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. అవమానం అంటే తిట్టడమే కాదు పిల్లలూ. మనం చెప్పింది వినకుండా, చెప్పిన నోటినీ చూసిన కంటినీ రోగమని తేల్చడం.

కళ్ళు బాగున్నాయని కాగితం ఇస్తే మేనేజర్ బల్ల మీద పడేసి, "అయితే అలసట" అన్నాడు. ఆ ద్రవంతో పరీక్ష చేసిన వాల్వుకు నేను సంతకం పెట్టనన్నాను. సరేనని నన్ను పక్క షెడ్డులో కొలతలు చూసే పనిలోకి మార్చి, చీకటిగదిలో ఒక కుర్ర ఇన్‌స్పెక్టర్‌ను కూర్చోబెట్టాడు. అతను మంచివాడే. ఆ గీత పచ్చగా, స్పష్టంగా వెలగడం ముందెప్పుడూ చూసినవాడు కాదు. చూడనిది పోయిందని అతనికెలా తెలుస్తుంది?

రంగు అదే అయినప్పుడు వెలుగు ఎందుకు తగ్గిందో నాకు తెలియక, మా ల్యాబ్ కెమిస్టును పట్టుకున్నాను. ఆయన కరీంనగర్ మనిషి. ఫ్యాక్టరీలో మేమిద్దరమే తెలుగువాళ్ళం. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇంటి కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. నేను అడగ్గానే ఆయన మొహం పాలిపోయింది.

"కలిపింది నేనే గద మేడం" అన్నాడు. "గిది మీ కండ్ల సంగతి కాదు. రండ్రి, సూపిస్త."

ల్యాబులో తలుపు వేసి, కిటికీకి గుడ్డ కట్టి, మూడు గాజు గ్లాసుల్లో చిటికెడు చిటికెడు అదే రంగు పొడి వేశాడు. ఒకదాంట్లో పాతరకం నూనె, ఒకదాంట్లో కొత్త ద్రవం, మూడోదాంట్లో కొత్త ద్రవంలోనే కొద్దిగా నీళ్ళు. చేతిదీపం వెలిగించాడు. నూనె గ్లాసు అరిటాకులా భగ్గుమంది. రెండోది పసుపు తిరిగి మందగించింది. మూడోది నారింజ రంగుకు జారి, ఆరిపోబోయే బొగ్గులా ఉంది.

"దీపం వెలుతురు తాకంగనే రంగు అణువు ఒక దిక్కు ఒరుగుతది మేడం. ఒక కొసకు ప్లస్సు, ఇంకో కొసకు మైనస్సు. నూనెల ఉన్నదనుకో, సుట్టుపక్కల ఎవ్వలు వట్టించుకోరు. అది తీసుకున్నది మంచిగ బయటికి ఇడుస్తది. గీ కొత్తదాంట్ల, నీళ్ళల్ల గట్ల కాదు. సుట్టున్న అణువులు సుత ప్లస్సు మైనస్సులోల్లే. అన్నీ దీని దిక్కు తిరిగి మీదవడ్తయి. దీని బలం గుంజుకుంటయి. మిగిలిందే బయటికొస్తది, గందుకే ఎరుపు దిక్కు జరుగుతది, సన్నగైతది. మనం కడిగేదేమో నీళ్ళతోని. ఆ నీళ్ళు పగుల్లకు వోయి దీంతోని కలుస్తున్నయి. ఇగ ఏం కనవడ్తది?"

నా గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. ఆ మరుక్షణమే ఇంకో మంట లేచింది. "సార్, ఇది మీకు మొదట్నుంచీ తెలుసా?"

"అనుమానం ఉండె. డ్రమ్ముల రంగు ఎక్కువుంటది, అండ్లైతే మెరుస్తనే ఉంటది. పగుల్ల గింతంతే గద."

"నన్ను కంటి డాక్టరు దగ్గరికి పంపినప్పుడు మీరిక్కడే ఉన్నారు కదా?"

ఆయన గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. "నా పేరు తియ్యకుండ్రి మేడం. నా ప్రమోషన్ కాయితం మేనేజర్ టేబుల్ మీదనే ఉన్నది" అన్నాడు. పోతూ పోతూ మాత్రం అదే పొడి, అవే పాళ్ళలో పాత నూనెలో కలిపి ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టాడు. అంతవరకే ఆయన ధైర్యం.

కొన్నాళ్ళకు కొనుగోలుదారుల తరఫున ఒక పెద్దాయన తనిఖీకి వచ్చాడు. బెంగాలీ, తల నెరిసినవాడు, తక్కువ మాట్లాడే మనిషి. లారీలకు ఎక్కించబోయే వాల్వులు చూడటానికి వచ్చాడనుకున్నారు. నేను కొలతల షెడ్డులోంచి నేరుగా వెళ్ళి, మేనేజర్ ముందే ఆయనకు నమస్కారం పెట్టి, "సార్, ఒక్కసారి చీకటిగదిలోకి వస్తారా, ఒక ముక్క చూపిస్తాను" అన్నాను.

"ఆవిడ ఇప్పుడు ఆ విభాగంలో లేదు సార్, ఆరోగ్యం బాగాలేదు" అన్నాడు మేనేజర్.

పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "నడుస్తోంది కదా, పదండి" అన్నాడు.

పగులున్న ముక్కను దీదీ శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉంచింది. గీతలో సగానికి సీసాలోని నూనె, మిగతా సగానికి డ్రమ్ములోని ద్రవం పూశాం. తుడవాల్సింది తుడిచి, కడగాల్సింది కడిగి, పొడి చల్లాం. పెద్దాయన దీపం వేయనివ్వలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గదిలో అంత మర్యాదగా కూర్చున్న పెద్ద ఉద్యోగిని నేను అంతకు ముందు చూడలేదు.

దీపం వేశాను. ఒకే పగులు. ఒక చివర నుంచి నడుమ దాకా పచ్చగా, దిట్టంగా వచ్చి, అక్కడ ఎవరో చేత్తో చెరిపేసినట్టు ఆగిపోయింది.

మేనేజర్ వెంటనే అందుకున్నాడు. "సార్, ఆవిడ సీసాలో రంగు ఎక్కువ కలిపి తెచ్చింది."

"మీరు ముందు ఆ కళ్ళద్దాలు తీసి మాట్లాడండి" అన్నాడు పెద్దాయన. తరువాత కెమిస్టును పిలిపించాడు. "రెండింటిలో రంగు పాళ్ళు ఒకటేనా?" అని అడిగాడు.

కెమిస్టు తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను తెలుగులో అన్నాను, "చెప్పండి సార్. నాకు చెప్పిందే ఆయనకూ చెప్పండి."

"ముజే నహీ మాలూమ్ సార్" అన్నాడు ఆయన. తెలియదట! తన చేత్తో కలిపిన సీసా, నా చేతిలో పెట్టిన సీసా, ఆయనకు తెలియదట! మేనేజర్ అన్న మాటలకంటే ఆ ఒక్క మాట నన్ను ఎక్కువ కోసింది. మేనేజర్‌కు నిజం తెలియకపోవచ్చు. ఈయనకు తెలుసు.

పెద్దాయన ఎవరినీ గద్దించలేదు. "అయితే నా ముందు కలపండి. నేను తూస్తాను" అన్నాడు. పొడి డబ్బా, తక్కెడ తెప్పించాడు. తనే తూచి ఇచ్చాడు. కెమిస్టు అదే పొడిని ఒక గ్లాసులో నూనెలో, ఇంకో గ్లాసులో డ్రమ్ములో పోసే ద్రవంలో కలిపాడు.  ముక్కను మళ్ళీ కడిగి, మళ్ళీ పూసి, దీపం వేశాం. మళ్ళీ అదే. సగం పచ్చ, సగం చీకటి.

పెద్దాయన లైట్లు వేయించాడు. అప్పుడు చెప్పాడు అసలు ఎందుకొచ్చాడో. మేం పంపిన వాల్వుల్లో ఒకటి ఒక ప్లాంటులో పగిలి ఆవిరి చిమ్మిందట. దాన్ని బిగించి పక్కనే ఉన్న ఫిట్టర్‌కు భుజం నుంచి మణికట్టు దాకా చేయి కాలిపోయిందట.

"బిగించడంలో తప్పు జరిగి ఉంటుంది సార్" అన్నాడు మేనేజర్. అలవాటుగా వచ్చేసిందా మాట.

"ఆ ప్లాంటు వాళ్ళు కూడా అదే రాశారు" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు నేను వేరే రాస్తాను."

ఆ ఫిట్టర్ పేరేంటి, ఎక్కడున్నాడు అని గదిలో ఎవరూ అడగలేదు. నేను అడిగాను. పెద్దాయన ఊరు చెప్పాడు.

తరువాత ఏమైందంటారా? డ్రమ్ములు పోయాయి, పాత నూనె తిరిగొచ్చింది. బయటికి వెళ్ళిన వాల్వుల్లో దొరికినవన్నీ వెనక్కి తెప్పించారు. మా కంపెనీ మాత్రం తన విచారణలో తేల్చిందేమిటో తెలుసా? తనిఖీ సిబ్బంది చూపులో అలసట వల్ల లోపం జరిగిందని! ద్రవం గురించి, 'సరఫరాలో స్వల్ప తేడా' అని ఒక్క ముక్క. మేనేజర్ ఇంకో యూనిట్‌కు పెద్ద హోదాలో వెళ్ళాడు. నన్ను చీకటిగదికి తిరిగి పంపలేదు. ప్యాకింగ్ షెడ్డులో చెక్కపెట్టెల మధ్య వేశారు. అక్కడే రిటైరయ్యాను.

కెమిస్టు ఒకరోజు ప్యాకింగ్ షెడ్డుకు వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా, "మంచి పని జేసిండ్రు మేడం" అన్నాడు.

"ఇదే మాట క్యాంటీన్‌లో అందరి ముందూ అనండి సార్, వింటాను" అన్నాను. ఆయన అనలేదు. నేను ఆయన కూర మళ్ళీ ముట్టలేదు. చిన్నతనం అనుకుంటారేమో, అనుకోండి. కొన్ని కోపాలు పోగొట్టుకోకూడదు. పోగొట్టుకుంటే, జరిగింది మామూలే అని మనమే ఒప్పుకున్నట్టు.

పెద్దాయన ఊరు చెప్పిన కొద్దిరోజులకే, ఫిట్టర్‌ను చూడటానికి ఒక ఆదివారం చర్చి అయ్యాక దీదీని తోడు తీసుకుని వెళ్ళాను. ధర్సీవా దాటి కొంత దూరం పోయాక వాళ్ళ ఊరు. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. వేళ్ళ దగ్గర కొత్త చర్మం గులాబి రంగులో మెరుస్తోంది. మేము వాల్వులు చేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చామని దీదీ చెప్పగానే, కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. బాగున్న చేత్తో గాలిలో బోల్టులు బిగించి చూపించడం మొదలుపెట్టాడు. ముందు ఇది, తరువాత దానికి ఎదురుగా ఉన్నది, తరువాత ఇది, మళ్ళీ దానికి ఎదురుది. ఇలాగే బిగించాను, ఎప్పుడూ ఇలాగే బిగిస్తాను, ఏ బోల్టు దగ్గర తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు అన్నాడు. ప్లాంటు వాళ్ళు అతని తప్పేనని చెప్పేశారు. మంచం మీద కూర్చుని, రోజంతా, అతను ఆ బోల్టులే మళ్ళీ మళ్ళీ బిగించుకుంటున్నాడు.

నేను హిందీలో చెప్పాను. వాల్వులోనే పగులుంది, పోత పోసిననాడే ఉంది, దాన్ని పట్టుకోవలసిన చోట పట్టుకోనివ్వలేదు, బోల్టులతో దానికి సంబంధం లేదు అని.

అతను గాలిలో ఉన్న చేతిని దించాడు. 

"త మోర్ గల్తీ నై రిహిస్?"

అయితే తప్పు నాది కాదా?

"కాదు" అన్నాను.

లోపల పొయ్యి దగ్గరున్న భార్యను కేకేశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె వినేలా ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పి, పక్కింటివాళ్ళను కూడా పిలవమన్నాను.